కొద్ది సొమ్ముతో చలనచిత్రం: చవక కెమేరాల చరిత్ర

చలనచిత్రం తీయవలెనన్న కోరిక నేడు ఏ కొద్దిమందికో పరిమితమైనది కాదు. ప్రయోగం చేసి చూపే ఉపాధ్యాయునికి ఆ కోరిక ఉన్నది. గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారడాన్ని రోజురోజూ గమనించే విద్యార్థికి ఉన్నది. ఇంటి పెద్దల మాటను, నడకను దాచుకోదలచిన కుటుంబానికీ ఉన్నది. వీరందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: “మా దగ్గరున్న సొమ్ము ఇంతే. ఏ కెమేరా కొనమంటారు?”

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పి నేనొకసారి పొరపాటు చేశాను. మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన సహాయకులు ఒకరు ఉండేవారు. గాజుగొట్టాన్ని మంటలో తిప్పుతూ సరిగా వంచడం, పట్టు తప్పిన గాల్వనామీటరు సూదిని మళ్ళీ సున్నా మీదికి తేవడం ఆయనకు చేతనైన విద్యలు. చేస్తూ చేస్తూ ఆయన చెప్పే మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆయన పదవీ విరమణకు ముందు ఆ పనిని, ఆ మాటను చిత్రించి దాచవలెనని అనుకున్నాము. విద్యార్థులు చందాలు వేసుకున్నారు. పెట్టె మీద అన్నిటికంటె పెద్ద అంకె అచ్చువేసి ఉన్న కెమేరాను నేనే ఏరి తెచ్చాను. చిత్రం తీశాము. అందులో ఆయన చేతులు స్పష్టంగానే కనిపిస్తాయి. మాట మాత్రం తలపైన తిరిగే పంకా హోరులో కలిసిపోయినది. ఆ కెమేరాకు విడిగా మైకు తగిలించే వీలే లేదని అప్పుడు చూచుకున్నాము. వారం తరువాత ఆయన స్వగ్రామానికి వెళ్ళిపోయారు.

ఆ తరువాత నేను కెమేరాల ధరలు చూడడం మాని, వాటి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక సంగతి తేటపడినది. చలనచిత్ర కెమేరా చవక అయిన ప్రతిసారీ దానిలో ఏదో ఒకటి తగ్గించబడినది. ఒకసారి బొమ్మ కొలత తగ్గినది, ఒకసారి శబ్దం పోయినది, మరొకసారి బొమ్మలోని వివరం పోయినది. కనుక “ఏది మంచి కెమేరా?” అన్న ప్రశ్నకు అర్థం లేదు. “నా పనికి ఏ లోటు అడ్డురాదు?” అన్నదే అసలు ప్రశ్న. ఈ మాటకు వంద సంవత్సరాల చరిత్ర సాక్ష్యం చెబుతుంది.

బఠాణీ మొక్క కథ

1895లో ఫ్రాన్సు దేశపు ల్యూమియేర్ సోదరులు తమ సినిమటోగ్రాఫు యంత్రాన్ని లోకానికి చూపారు. బొమ్మ తీయడం, దానికి ప్రతి అచ్చువేయడం, తెరమీద ప్రదర్శించడం అనే మూడు పనులూ ఆ ఒక్క పెట్టెయే చేసేది. దానిలో వాడిన ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. ఒక చుట్ట పొడవు సుమారు 17 మీటర్లు. అది 50 సెకండ్లలో అయిపోయేది.

యంత్రం ఒకసారి కొంటే చాలును. ఫిల్ము ఖర్చు అలాగు కాదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు పడతాయి. మూగచిత్రాల నాటి వేగం సెకండుకు సుమారు 16 బొమ్మలు. అనగా కెమేరా సెకండుకు ఒక అడుగు ఫిల్ము మింగుతుంది. ఒక నిమిషపు చిత్రానికి 60 అడుగుల నెగెటివు కావలెను. దానినుండి ప్రదర్శన ప్రతి తీయడానికి మరొక 60 అడుగులు కావలెను. ఆ ఫిల్ము నైట్రో సెల్యులోజుతో చేసినది కావడంవల్ల సులభంగా అంటుకొని మండేది. ఖర్చుకు తోడు ప్రమాదం కూడా ఉన్నదన్నమాట.

మన దేశంలో ఈ ఖర్చుతో తలపడిన తొలివారిలో ప్రముఖులు దాదాసాహెబు ఫాల్కే. 1912లో ఆయన లండను వెళ్ళి 50 పౌన్లకు విలియంసన్ కెమేరా ఒకటి కొన్నారు. ఫిల్ము అంచులకు రంధ్రాలు వేసే యంత్రాన్ని కూడా తెప్పించుకున్నారు, ఏలయనగా ఆనాడు ముడి ఫిల్ము రంధ్రాలు లేకుండానే వచ్చేది. ఇంటికి వచ్చిన తరువాత కథాచిత్రానికి పెట్టుబడి పెట్టేవారు కావలసివచ్చినది. ఈ కొత్త విద్య తనకు వచ్చునని వారిని నమ్మించడం ఎట్లు?

ఫాల్కే ఒక కుండీలో బఠాణీ గింజలు నాటి, దాని ఎదుట కెమేరాను నిలిపారు. నెలకు పైగా ఆ మొక్క పెరుగుదలను కొద్దికొద్దిగా చిత్రిస్తూ వచ్చారు. తెరమీద అది నిమిషానికి కొంచెం ఎక్కువ. ఆ నిమిషంలోనే గింజ పగిలి, మొలక లేచి, తీగ సాగేది. ఆ చిన్న చిత్రం చూపి ఆయన పెట్టుబడి సంపాదించారు. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ విడుదలైనది.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గమనించవలసిన విషయం ఇందులో ఉన్నది. నిమిషపు చిత్రానికి వెయ్యికి కొంచెం అటు ఇటుగా బొమ్మలు చాలును. నటులు లేరు, దీపాల హంగు లేదు. కెమేరా కదలకుండా ఉండడం, ఓపిక, ఏమి చూపదలచామో ముందే తెలిసి ఉండడం, ఈ మూడే ఆ చిత్రానికి పెట్టుబడి.

ఫిల్ము సన్నబడినది

సామాన్య గృహస్థునికి 35 మిల్లీమీటర్ల ఫిల్ము అందుబాటులోనికి రాలేదు. కనుక తయారీదారులు ఫిల్మునే సన్నగా చేయ సంకల్పించారు. ఫ్రాన్సులో పాథే సంస్థ 9.5 మిల్లీమీటర్ల ఫిల్మును ప్రవేశపెట్టినది. దానికి 1922లో ప్రొజెక్టరు, మరుసటి ఏడు కెమేరా వచ్చినవి. రంధ్రాలను అంచులలో గాక, బొమ్మకూ బొమ్మకూ నడుమ ఒక్కొక్కటిగా వేయడం దాని ప్రత్యేకత. అందువల్ల ఫిల్ము వెడల్పంతా బొమ్మకే దక్కినది.

1923లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థ 16 మిల్లీమీటర్ల ఫిల్మును, దానికి తగిన సినీ కోడాక్ కెమేరాను విడుదల చేసినది. కెమేరా, ప్రొజెక్టరు, తెర, ముక్కాలిపీట అన్నీ కలిపి 335 డాలర్లు. ఆనాడు ఫోర్డు వారి చవకరకం మోటారు కారు ధర కూడా ఇంచుమించు అంతే! కనుక దీనిని చవక అనడం సాహసమే. అయినా దీనిలో రెండు పొదుపులు ఉన్నవి.

మొదటిది ఫిల్ము కొలత. 16 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 40 బొమ్మలు. నూరు అడుగుల చుట్ట నాలుగు నిమిషాలకు పైగా నడుస్తుంది. 35 మిల్లీమీటర్లదైతే అదే పొడవు నూరు సెకండ్లలో ముగుస్తుంది.

రెండవది రసాయనశాస్త్రం చేసిన పొదుపు. దీనిని ‘రివర్సల్’ పద్ధతి అంటారు. మామూలుగా వెలుగు తగిలిన చోట ఫిల్ములోని వెండి లవణం డెవలపరులో నల్లని వెండిగా మారి నెగెటివు ఏర్పడుతుంది. రివర్సల్ పద్ధతిలో ఆ నల్లని వెండిని ఒక రసాయనంతో కరిగించివేస్తారు. తొలుత వెలుగు తగలని చోట్ల వెండి లవణం ఇంకా మిగిలే ఉంటుంది. దానికి ఇప్పుడు వెలుగు చూపి మరల డెవలప్ చేస్తే అది నల్లబడుతుంది. అనగా నీడ ఉన్నచోట నలుపు, వెలుగు ఉన్నచోట తెలుపు. కెమేరాలో పెట్టిన ఫిల్మే తెరమీదికి పనికివస్తుంది. రెండవ ఫిల్ము అక్కరలేదు. నష్టం ఒక్కటే: ఆ ప్రతి చినిగినా, గీతలు పడినా దాని వెనుక నెగెటివు లేదు.

ఈ కొత్త ఫిల్మును తేలికగా మండని అసిటేటుతో చేశారు. అందువలన బడులలోను, ఇండ్లలోను దానిని భయం లేకుండా వాడగలిగారు. పాఠశాలలలో విద్యాచిత్రాలు వ్యాపించడానికి ఇది ముఖ్యకారణం.

తరువాత ఆర్థికమాంద్యం వచ్చినది. 1932లో కోడాక్ వారే మరొక యుక్తి పన్నారు. 16 మిల్లీమీటర్ల ఫిల్ముకే రంధ్రాలు రెట్టింపు వేసి, దానిలో ఒక సగం మీద మొదట బొమ్మలు తీసి, చుట్టను తిరగవేసి రెండవ సగం మీద మరల తీసేవారు. రసాయనాలలో కడిగిన తరువాత ఫిల్మును నిలువునా రెండుగా చీల్చి, కొసలు అతికితే 8 మిల్లీమీటర్ల ఫిల్ము అయ్యేది. 25 అడుగుల చిన్న చుట్టతో నాలుగు నిమిషాల చిత్రం వచ్చేది. కెమేరా ధర సుమారు 30 డాలర్లకు దిగినది.

ఇక లోటు సంగతి చూడండి. 8 మిల్లీమీటర్ల బొమ్మ వెడల్పు 5 మిల్లీమీటర్లైనా లేదు. 16 మిల్లీమీటర్ల బొమ్మతో పోల్చితే దాని వైశాల్యం నాలుగవ వంతు మాత్రమే. దానిని మీటరు వెడల్పు గల తెరమీద చూపాలంటే సుమారు 200 రెట్లు పెంచవలెను. 35 మిల్లీమీటర్ల బొమ్మనైతే 45 రెట్లు పెంచితే చాలును. పెంచినకొద్దీ వెండి రేణువులు ఇసుకరవ్వలవలె పైకి కనబడతాయి. బిడ్డ తొలి అడుగులు చూచుకొనే తల్లికి ఆ ఇసుక అడ్డురాలేదు. రక్తకణాలు చూపదలచిన వైద్యునికి అడ్డువచ్చినది. ఆయన 16 మిల్లీమీటర్లకే ఖర్చుపెట్టవలసివచ్చినది. కెమేరా ఎన్నికలో మొదటి పాఠం ఇదే.

1935లో స్విట్జర్లాండునుండి వచ్చిన బోలెక్స్ హెచ్-16 వంటి కెమేరాలు స్ప్రింగుతో నడిచేవి. ఒకసారి కీ ఇస్తే సుమారు అరనిమిషం నడిచేది. విద్యుత్తు లేనిచోట కూడా పనిచేయడం దాని బలం. అంతకంటె పొడుగైన దృశ్యం ఏకధాటిగా తీయలేకపోవడం దాని లోటు. 1965లో సూపర్-8 వచ్చినది. దానిలో రంధ్రాలను చిన్నవి చేసి, ఆ మిగిలిన చోటును బొమ్మకిచ్చారు. బొమ్మ వైశాల్యం పాత 8 మిల్లీమీటర్లకంటె సుమారు ఒకటిన్నర రెట్లు అయినది. ఫిల్మును తడుముకుంటూ ఎక్కించే బాధ లేకుండ 50 అడుగుల ఫిల్మును మూసిన డబ్బాలో అమ్మారు. ఎనిమిదేండ్లకు, 1973లో, దానికి శబ్దం తోడైనది.

వెలుగు కొనుక్కోనక్కరలేదు

కెమేరా చరిత్ర చెప్పుకొనేటప్పుడు యంత్రాన్ని గురించే మాట్లాడడం పొరపాటు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ చిత్రాన్ని 1952లో ప్రారంభించి 1955లో విడుదల చేశారు. డబ్బు లేక పని ఎన్నోసార్లు ఆగిపోయినది. భార్య నగలు తాకట్టు పెట్టారు. చివరకు పశ్చిమ బెంగాలు ప్రభుత్వం ఆదుకొన్నది. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడైన సుబ్రత మిత్ర ఇరవై రెండేళ్ళ యువకుడు; అంతకుముందు సినిమా కెమేరా నడిపినవాడు కాడు.

ఆ మిత్రయే 1956 నాటి ‘అపరాజితో’ చిత్రానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. కాశీలోని ఇంటి నడిమి ముంగిలిని స్టూడియోలో కట్టారు. అట్టి ముంగిలిలోనికి పైనుండి ఆకాశపు వెలుగు మెత్తగా దిగుతుంది. దీపాలను నేరుగా మనుషులపై వేస్తే ఆ మెత్తదనం రాదు, గోడల మీద రెండు మూడు నీడలు పడతాయి. మిత్ర తెల్లని గుడ్డను పైన పరచి, దీపాల వెలుగును దానిమీదికి తిప్పి, అక్కడ పరావర్తనం చెందిన కాంతితో చిత్రం తీశాడు.

దీనిలోని భౌతికశాస్త్రం మన విద్యార్థులకు తెలిసినదే. చిన్న కాంతిజనకం గట్టి అంచులు గల నీడను ఇస్తుంది. విశాలమైన కాంతిజనకం ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయలను కలగలిపి నీడను మెత్తబరుస్తుంది. కిటికీ ప్రక్కన ఒక తెల్లని దుప్పటి కట్టినా ఈ సూత్రమే పనిచేస్తుంది. చవక కెమేరా అసలు బలహీనత చీకటిలోనే బయటపడుతుంది. కనుక దుప్పటికి పెట్టిన ఖర్చు కెమేరాకు పెట్టిన ఖర్చుతో సమానంగా పనిచేయగలదు.

టేపు యుగం

1956లో అమెరికాలోని ఆంపెక్స్ సంస్థ చలనచిత్రాన్ని అయస్కాంతపు టేపు మీద నమోదు చేసే యంత్రాన్ని విడుదల చేసినది. దాని ధర సుమారు 50,000 డాలర్లు. టెలివిజన్ కేంద్రాలు మాత్రమే కొనగలిగినవి. 1967లో సోనీ సంస్థ భుజాన వేలాడదీసుకొనే పోర్టాపాక్ అనే పరికరాన్ని తెచ్చినది. బొమ్మ నలుపు తెలుపులోనే. ఆ పరికరంలోనే తిరిగి చూచుకొనే వీలు లేదు. 1983లో కెమేరా, రికార్డరు ఒకే పెట్టెలో ఇమిడిన బీటామూవీ, 1985లో ఇంకను చిన్నదైన వీడియో-8 హాండీకామ్ వచ్చినవి.

ఈ కుదింపుకు సాయపడినది సీసీడీ అనే సిలికాను ఫలకం. దీనిని 1969లో బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. వెలుగు పడిన ప్రతి చిన్న గడిలోను విద్యుదావేశం పోగవుతుంది. నూతిలో నీటిని చేదలనుండి చేదలకు అందించినట్లు ఆ ఆవేశాన్ని గడినుండి గడికి జరుపుతూ అంచున కొలుస్తారు. ఈ పనికి వారిద్దరికీ 2009లో నోబెల్ బహుమతి లభించినది. అంతకుముందు ఈ పని చేసిన గాజుగొట్టాలు పెద్దవి, సున్నితమైనవి.

టేపు తెచ్చిన అసలు మార్పు ధరలో కాదు, మనసులో. ఫిల్ము ఒకసారి వాడితే అయిపోయినట్లే. టేపును చెరిపి మరల వాడవచ్చును. తప్పు చేయడం చవక అయినది. తప్పు చేస్తూ నేర్చుకొనే వారికి తలుపు తెరుచుకొన్నది.

దీనికి మన తెలుగునాట ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. జహీరాబాదు ప్రాంతంలోని పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1990ల చివర వ్యవసాయకూలీలైన దళిత స్త్రీలకు వీడియో కెమేరా నేర్పినది. వారిలో చాలామందికి అక్షరాలు రావు. అయినా తమ పంటలను, తమ విత్తనాలను గురించి చిత్రాలు తీశారు. వరంగల్లు ప్రాంతపు బీటీ పత్తి రైతుల కష్టాలను కూడా చిత్రించారు. కెమేరా కోణాలకు వారు తమ జీవితంనుండే పేర్లు పెట్టుకొన్నారు. పైనుండి క్రిందికి చూచే కోణం ‘పటేల్ షాట్’, ఏలయనగా పటేలు ఎత్తున కూర్చుండి క్రిందివారిని అట్లే చూస్తాడు. కళ్ళకు సమాన ఎత్తులో పట్టిన కోణం ‘సంఘం షాట్’, ఏలయనగా సంఘంలో అందరూ ఒకే నేలమీద కూర్చుంటారు. ఇట్టి జ్ఞానం ఏ దుకాణంలోనూ అమ్మరు.

అంకెల యుగం

1995లో డీవీ అనే పద్ధతి వచ్చి బొమ్మను అంకెలుగా మార్చి టేపు మీద వ్రాయనారంభించినది. ప్రతి తీయడంవల్ల బొమ్మ చెడడం పోయినది. ఇంటి కంప్యూటరులోనే కత్తిరించి కూర్చుకొనే వీలు కలిగినది. 1998లో డెన్మార్కు దర్శకుడు థామస్ వింటర్‌బర్గ్ అరచేతిలో ఇమిడే డీవీ కెమేరాతో తీసిన ‘ఫెస్టెన్’ చిత్రానికి కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చినది.

2008లో మరొక మలుపు. నిశ్చల ఛాయాచిత్రాలకోసం చేసిన నికాన్ డి-90, కానన్ 5డి మార్క్-2 కెమేరాలకు చలనచిత్రం తీసే శక్తి అదనంగా వచ్చినది. కానన్ కెమేరాలోని కాంతిగ్రాహక ఫలకం, అనగా సెన్సారు, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గలది. సినిమా ఫిల్ము బొమ్మకంటె పెద్దది. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ అనే తెలుగు చిత్రాన్ని ఇట్టి కెమేరాలతో 5 రోజులలో చిత్రించారు. 2015లో విడుదలైన ‘టాంజరీన్’ చిత్రాన్ని అమెరికా దర్శకుడు షాన్ బేకర్ ఫోనులతోనే తీశాడు.

ఇక్కడ కూడా లోటు ఉన్నది. ఈ రకపు నిశ్చల కెమేరాలలో అనేకం అరగంటకు ఒక సెకండు ముందే ఆగిపోయేవి. దీనికి కారణం భౌతికశాస్త్రం కాదు, సుంకం! అరగంట లేక అంతకుమించి నమోదు చేయగల దానిని ఐరోపాలో వీడియో కెమేరాగా లెక్కించి వేరు సుంకం వేసేవారు. కనుక కొనేవాడు యంత్రం లోపలి శాస్త్రాన్నే కాక, బయటి చట్టాన్ని కూడా చూడవలసివచ్చినది.

నేటి కొనుగోలుకు చరిత్ర ఇచ్చే సలహా

ఇంతవరకు చెప్పినదానిని నేటి అంగడికి అన్వయించి చూద్దాము.

మొదట సెన్సారు కొలతను చూడండి. ‘ఒక అంగుళం’ అని పిలవబడే సెన్సారు ఏ వైపు కొలిచినా అంగుళం ఉండదు. దాని కర్ణం సుమారు 16 మిల్లీమీటర్లు మాత్రమే. పాత టెలివిజన్ కెమేరాల గాజుగొట్టం బయటి వ్యాసం అంగుళం ఉంటే, దానిలో బొమ్మపడే చోటు అంతే ఉండేది. గొట్టం పోయినా పేరు నిలిచినది. ఈ సెన్సారు 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు గలది. ఇది పాత 16 మిల్లీమీటర్ల ఫిల్ము బొమ్మకంటె కొంచెం పెద్దది. చిన్న కెమేరాలలోని 6.2 × 4.6 మిల్లీమీటర్ల సెన్సారు సూపర్-8 బొమ్మకంటె కొంచెం పెద్దది. ఏపీఎస్-సీ అనే రకం 35 మిల్లీమీటర్ల సినిమా బొమ్మకు దగ్గరగా ఉన్నది. అనగా 1932లో కోడాక్ దుకాణంలో నిలబడిన గృహస్థుడు ఏ మూడు కొలతల మధ్య తికమకపడ్డాడో, నేడు మనమూ ఇంచుమించు ఆ మూడింటి మధ్యనే నిలబడి ఉన్నాము.

పెద్ద సెన్సారు మసక వెలుగులో మేలు. అయితే దానితో, కటకాన్ని బాగా తెరచినప్పుడు, ముందు వెనుకలలో కొద్ది లోతు మాత్రమే స్ఫుటంగా పడుతుంది. ముఖచిత్రానికి అది అందమే. ప్రయోగశాల బల్లమీద పరికరం, దాని వెనుక ఉపాధ్యాయుడు రెండూ స్పష్టంగా కనబడవలసినప్పుడు చిన్న సెన్సారే సుఖం. మన పనికి చవకదే మెరుగైన సందర్భం ఇది.

రెండవది, బిందువుల సంఖ్య. ‘4కె’ అనగా 3,840 × 2,160 బిందువులు. మొత్తం 82 లక్షలకు పైగా. మా తరగతిగదిలోని ప్రొజెక్టరు 1,024 × 768 బిందువులు మాత్రమే చూపగలదు. అవి 8 లక్షలైనా లేవు. నేను డబ్బు పోసి కొన్న బిందువులలో పదింట తొమ్మిది గోడను చేరనేలేదు! పైగా ఆ బిందువులను యథాతథంగా ఏ చవక కెమేరా దాచదు. 1,920 × 1,080 బిందువుల బొమ్మను, బిందువుకు 3 బైట్ల చొప్పున, సెకండుకు 25 సార్లు దాచవలెనంటే సెకండుకు 155 మెగాబైట్లకు పైగా కావలెను. సామాన్యపు కెమేరా దానిని సుమారు 3 మెగాబైట్లకు కుదిస్తుంది. ఏభైలో ఒక వంతు! ఆకులు కదిలే చెట్టు, పొంగే నీరు వంటి దృశ్యాలలో ఈ కుదింపు బయటపడుతుంది. అంకె పెద్దదైనా కుదింపు ఎక్కువైతే లాభం లేదు.

మూడవది, షట్టరు కాలం. మన దేశపు విద్యుత్తు సెకండుకు 50 ఆవృత్తులు చేస్తుంది. అందుచేత అనేక దీపాలు సెకండుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టరు కాలం సెకండులో 50వ వంతు గాని 100వ వంతు గాని ఉంటే ప్రతి బొమ్మకూ సమానమైన వెలుగు అందుతుంది. ఆ కాలాన్ని మన ఇష్టప్రకారం నిలపడానికి వీలులేని కెమేరాతో తీస్తే బొమ్మ మీద పట్టీలు ప్రాకుతాయి. కొనేముందు దుకాణంలోనే దీపం క్రింద పరీక్షించి చూడవచ్చును.

నాల్గవది, శబ్దం. చవక ఫిల్ము కెమేరాల చరిత్రలో శబ్దం ఆలస్యంగానే వచ్చినది. సూపర్-8కు కూడా ఎనిమిదేండ్లు ఆలస్యమైనది. నేటికీ చవకరకాలలో మొదట కోతపడేది అదే. మైకు తగిలించే చోటు, విన్నది సరిగా పడుతున్నదో లేదో వినడానికి ఇయర్‌ఫోను చోటు ఉన్నవా అని చూడండి. లేనిచో విడిగా ఒక చిన్న రికార్డరునో, చేతిలోని ఫోనునో మాట్లాడే మనిషి దగ్గర ఉంచి, మొదట ఒక చప్పట్లు కొట్టించండి. ఆ చప్పట్లను గురుతుగా పెట్టుకొని శబ్దాన్ని, బొమ్మను తరువాత కలపవచ్చును. ఇది సినిమావారి పలకబోర్డు పద్ధతే. ఖర్చు ఏమీ లేదు.

ఇక సొమ్ము పంపకం. ఉన్నదంతా కెమేరా మీద పోయకండి. మంచి ముక్కాలిపీట, కాలరుకు గుచ్చే మైకు, అదనపు బ్యాటరీ, తెల్లని గుడ్డ, వీటికి మొదట డబ్బు విడిచి, మిగిలినదానితో కెమేరా కొనండి. మిగిలినది చాలకపోతే నాలుగైదేండ్ల పాత కెమేరా కొనవచ్చును. కటకంలో బూజు, సెన్సారు మీద చచ్చిన బిందువులు లేవని చూచుకొంటే చాలును. చేతిలో ఇప్పటికే మంచి ఫోను ఉంటే కెమేరా కొనవలసిన అవసరమే లేకపోవచ్చును.

చివరగా మా కథ ముగించవలెను. మరుసటి సెలవులలో ఒక మిత్రుని పాత కెమేరా అరువు తీసుకొని, కొద్ది సొమ్ముతో ఒక కాలరు మైకు కొని, మేము ఆ సహాయకుల ఊరు వెళ్ళాము. వేపచెట్టు నీడన కూర్చోబెట్టి అడిగాము. ఆయన మాట ప్రతి అక్షరమూ స్పష్టంగా పడినది. కాని అక్కడ మంట లేదు, గాజుగొట్టం లేదు. చేతులు గాలిలో కదిలిస్తూ, “ఇదిగో, ఇక్కడ రంగు మారాక తిప్పాల” అని చెప్పి ఆగి, నవ్వారు. మా దగ్గర ఇప్పుడు రెండు చిత్రాలు ఉన్నవి. ఒకదానిలో చేయి ఉన్నది, ఒకదానిలో మాట ఉన్నది. ఆ రెంటినీ ఒకేనాడు ఒకేచోట పట్టగలిగిన కెమేరా, మేము మొదట కొన్నదానికంటె తక్కువ ధరకే దొరికేది. కొనడానికి ముందు ఏమి దాచదలచుకొన్నామో ఒక కాగితం మీద వ్రాసుకొని ఉంటే ఆ సంగతి ఆనాడే తెలిసేది.